అంచుకు కెండం: మా ఇంటి మాట వెనక ఉన్న హుక్కా

మా ఇంట్లో ఎవరైనా వేడి అన్నం నడుమ చెయ్యి పెట్టి వేళ్ళు కాల్చుకుంటే మా అవ్వ ఒక మాట అనేది: "అంచుకు కెండం, నడుమకు ఓపిక." పెండ్లి సంబంధానికి తొందరపడితే అదే మాట. అప్పు ఇచ్చినవాడి మీదికి మొదటి రోజే గట్టిగ పోతానంటే అదే మాట. మా బాపు అన్నాడు, మా అత్తలు అన్నారు, ఇప్పుడు మా చెల్లె కూడా తన పిల్లల్ని అంటది. బీదర్ బయట మా చుట్టాలెవ్వరి దగ్గరా నేను ఈ మాట వినలేదు. జహీరాబాద్ వాళ్ళకు తెల్వదు, నారాయణఖేడ్ వాళ్ళకూ తెల్వదు.

చాలా ఏండ్లు నేను దీన్ని చాణక్యుడి కథ నుంచి వచ్చిందనుకున్నాను. వేడి అన్నం నడుమ చెయ్యి పెట్టి ఏడ్చిన పిల్లవాణ్ణి తల్లి కోప్పడితే, అది విని చాణక్యుడు రాజ్యాన్ని అంచుల నుంచి గెలవాలని తెలుసుకున్నాడనే కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. మా చిన్నాయన కొడుకు ఇప్పటికీ అదే అంటాడు. కానీ నాకు ఒకటి అడ్డం పడేది. అన్నంలో కెండం ఎక్కడిది? కెండం అంటే నిప్పుకణిక. కన్నడంలో అందరూ అనే మాటే, మా బీదర్ తెలుగులో కూడా కలిసిపోయింది. చాణక్యుడి కథలో తల్లి అంచు నుంచి తినమంటది, అంచుకు నిప్పు పెట్టమనదు. మా అవ్వ మాటలో మాత్రం పెట్టేది నిప్పు. ఎక్కడో ఎవరో నిజంగానే నిప్పును అంచుకు పెట్టి, నడుమ ఖాళీ వదిలి, ఓపిక పట్టి ఉండాలె.

ఆ ఎవరో మా తాతే. ఆయన హుక్కాబర్దార్. ఈ సంగతి మా ఇంట్లో యాభై ఏండ్లు ఎవరూ పైకి చెప్పలేదు.

మేము ఎన్ని తరాల నుంచి బీదర్‌లో ఉన్నామో మాకే లెక్క లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో దక్కనీ ఉర్దూ, బడిలో కన్నడం, సంతలో మరాఠీ. 1956 నవంబరు 1 దాకా ఇదంతా హైదరాబాద్ రాష్ట్రమే. ఆ రోజు జిల్లాను కోసి జహీరాబాద్, నారాయణఖేడ్‌లను తెలుగువాళ్ళకు, ఉద్గీర్, నిలంగాలను మరాఠీవాళ్ళ వైపు ఇచ్చి, మమ్మల్ని మైసూరులో కలిపిన్రు. మా అవ్వ పుట్టిల్లు ఒక రాష్ట్రం, అత్తిల్లు ఇంకో రాష్ట్రం అయినయి. ఆమె మాత్రం రెండింటిలోనూ ఒకే తెలుగు మాట్లాడింది.

హుక్కా ఇక్కడికి వచ్చిన దారి గురించి కొంచెం చెప్పాలె. పొగాకు ఢిల్లీ నుంచి దక్కన్‌కు వచ్చిందని చాలామంది అనుకుంటారు. నడిచింది ఎదురుదారిలో. గోవాలో పోర్చుగీసువాళ్ళు 1510 నుంచి ఉన్నారు, వాళ్ళ ఓడల్లో వచ్చిన ఆకు ముందు బీజాపూర్ చేరింది. అక్బర్ పంపిన రాయబారి అసద్ బేగ్ 1604 ప్రాంతంలో బీజాపూర్ నుంచి తిరిగి పోతూ పొగాకునూ, రతనాలు పొదిగిన ఒక గొట్టాన్నీ పట్టుకపోయి పాదుషా ముందు పెట్టినట్టు ఆయనే రాసుకున్నాడు. అక్బర్ రెండు మూడు దమ్ములు గుంజి చూశాడు, వైద్యులు వద్దన్నారు. జహంగీర్ 1617లో నిషేధం కూడా పెట్టాడు. ఎవరు విన్నారు? పొగను నీళ్ళల్లోంచి పంపే ఉపాయం కనిపెట్టింది అక్బర్ కొలువులోని హకీం అబుల్ ఫతహ్ గిలానీ అని ఒక కథ బాగా తిరుగుతుంది. ఆ హకీం 1589లోనే చనిపోయాడు. అసద్ బేగ్ పొగాకు తెచ్చింది దానికి పదిహేనేండ్ల తర్వాత. పాదుషాకు అది కొత్త వింత అయినప్పుడు, పదిహేనేండ్ల ముందే పోయిన హకీం దాన్ని ఎట్ల వడగట్టాడో ఆ కథ చెప్పేవాళ్ళే చెప్పాలె. నాకైతే నమ్మబుద్ధి కాదు.

పొగాకు బీజాపూర్‌లో దిగితే, దానికి తగిన పాత్ర బీదర్‌లో తయారైంది. జస్తం ఎక్కువ, రాగి కొంచెం కలిపి పోతపోసి, వెండి తీగె పొదిగి, కోట మట్టీ నవాసాగరమూ కలిపిన నీళ్ళతో నల్లగ చేసే బిద్రీ పని మీకు తెలిసే ఉంటది. ఇప్పుడు దాంతో చెవికమ్మలూ కీచైన్లూ చేస్తున్నారు గాని, ఒకప్పుడు బిద్రీవాళ్ళ గొప్ప గిరాకీ హుక్కా అడుగుపాత్రే. పాతకాలంవి గుండ్రంగ కుండలాగ ఉండి కింద చుట్టకుదురు లేకుంటే దొర్లిపోయేవి, తర్వాత తర్వాత గంట ఆకారంలో అడుగు వెడల్పు చేసిన్రు. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో బిద్రీ సామాను ముందు నిలబడితే ఆ పనితనం తెలుస్తది. అద్దాల వెనక పెట్టిన హుక్కాల్లో ఎక్కువగా అడుగే ఉంటది, పైన చిలం ఉండదు. మట్టి చిలం ఎవరు దాచుకుంటరు? అది పగిలితే పారేసి కొత్తది తెచ్చేవాళ్ళు. కానీ హుక్కా మంచిగ రావడం, రాకపోవడం వెండి తీగెల అడుగులో లేదు. ఆ రెండణాల మట్టి చిలంలో, దాని మీద నిప్పు పెట్టే చేతిలో ఉంది.

ఆ చెయ్యి పేరే హుక్కాబర్దార్. పెద్దిండ్లలో ఈ పనికి వేరే మనిషి ఉండేవాడు. కలకత్తాలో 1779లో వారన్ హేస్టింగ్స్ దంపతులు పంపిన ఒక విందు పిలుపులో, నౌకర్లెవ్వరినీ వెంట తేవద్దు, హుక్కాబర్దార్‌ను మాత్రం తేవచ్చు అని రాసి ఉంది. అంటే దొర ఎక్కడికి పోతే ఆ మనిషి అక్కడికి పోవాలె. దొర అన్నం తినేటప్పుడు వంటవాడు లోపల ఉండవచ్చు గాని, హుక్కా తాగినంత సేపూ హుక్కాబర్దార్ కండ్ల ముందు కూర్చోవాలె. నిప్పు ఒక్క క్షణం కూడా మనిషిని వదలనీయదు.

మా తాత పన్నెండో పదమూడో ఏట ఒక జాగీర్దారు దేవిడీలో చేరాడు. పేరు రాయను, వాళ్ళ పిల్లలు ఎక్కడో బతుకుతున్నారు. మొదట నీళ్ళు మార్చే పని. రోజూ పొద్దున అడుగుపాత్రలో పాత నీళ్ళు పారబోసి, కడిగి, కొత్తవి నింపడాన్ని "తాజా చేసుడు" అంటారు. మా ఇంట్లో ఇప్పటికీ బిందె కడిగి నీళ్ళు పట్టడాన్ని "బిందె తాజా చేసిన" అంటాం. పక్కింటి ఆంధ్రా వాళ్ళు వచ్చిన కొత్తల్లో నవ్వేవాళ్ళు. ఆ మాట ఎక్కడిదో మాకే తెలియనప్పుడు వాళ్ళకు ఏం చెప్తాం?

రెండు మూడేండ్లకు తాత చేతికి చిమ్టా వచ్చింది. ఇక్కడి నుంచి నేను రాసేది మా చిన్నాయన చెప్పింది. ఆయనకు ఎనభై దాటినయి. నిప్పు పెట్టుడు తాత దగ్గర చేతితో నేర్చుకున్నది ఆయనొక్కడే.

చిలం అడుగున ఒక రంధ్రం ఉంటది. దానికి అడ్డంగ ఒక చిన్న గులకరాయి పెట్టాలె, దాని పేరు గిట్టి. గిట్టి మరీ బిగిస్తే గాలి రాదు, వదులైతే పొగాకు కిందికి రాలి గొట్టంలో ఇరుక్కుంటది. దాని మీద పొగాకు. ఉత్త ఆకు కాదు. దంచిన పొగాకులో బెల్లం పాకం కలిపి ముద్ద చేసింది, దాన్ని గుడాకు అంటారు. ఇంకా గొప్ప ఇండ్లలో పండ్ల గుజ్జూ సుగంధద్రవ్యాలూ కలిపి కుండలో పెట్టి పులియబెట్టిన ఖమీరా. ఈ గుడాకు మాట మన ఒడిశా చుట్టాలకు వేరే రకంగా తెలుసు. బరంపురం వైపు ఆడవాళ్ళు పండ్లు తోముకునే నల్లటి ముద్ద గుడాకు. ఒకటే పేరు, ఒకటే పొగాకు, బెల్లం. హుక్కా పోయింది, ముద్ద మాత్రం నోట్లో మిగిలింది. రెండిట్లో ఏది ఎక్కువ చెడ్డదో చెప్పడం కష్టం.

పొగాకును అదిమి పెట్టొద్దు. తాత "పిట్ట గూటి లెక్క ఉండాలె" అనేవాడట. దాని మీద తవా. ఇది రొట్టెల తవా కాదు, చిలం నోటికంటే వీసమెత్తు చిన్నగ ఉండే మట్టి బిళ్ళ. నిప్పు పొగాకుకు తగలొద్దు, వేడి మాత్రమే తగలాలె. బెల్లం కలిసిన ముద్ద మీద సీదా నిప్పు పెడితే మాడి చేదెక్కుతది. ఉత్త ఆకు తాగే బీదవాళ్ళు మాత్రం తవా లేకుండా నిప్పు నేరుగానే పెట్టుకునేవాళ్ళు.

ఇప్పుడు నిప్పు. దేవిడీలో రెండు రకాలు. ఒకటి కట్టె బొగ్గు. తాత లెక్కలో చింతబొగ్గు మొదటిది, తుమ్మబొగ్గు రెండోది, మెత్త కట్టె బొగ్గు పొయ్యికి తప్ప దేనికీ పనికిరాదు. రెండోది టిక్యా. బొగ్గుపొడిలో గంజి కలిపి చిన్న చిన్న బిళ్ళలు తట్టి ఎండబెట్టినవి. టిక్యా చిటపటమనదు, నిప్పురవ్వలు ఎగరవు, తివాచీలు కాలవు. అందుకే మెహమాన్లు వచ్చిన రోజు టిక్యా, మిగిలిన రోజులు బొగ్గు. ఎండాకాలమంతా మా అవ్వ మేడ మీద టిక్యాలు తట్టేదని చిన్నాయన చెప్తే నాకు వడియాలు గుర్తొచ్చినయి. ఆమె వడియాలను కూడా "టిక్యలు" అనే అనేది! నేను అది ఏదో పిల్లల ముద్దుమాట అనుకున్నాను.

బొగ్గును సిగిడీలో రాజేసి, విసనకర్రతో విసిరి, ఎక్కడా నల్లమచ్చ లేకుండా ఎర్రగ కావాలె. సగం కాలిన బొగ్గు పెడితే మొదటి దమ్ముకే బొగ్గువాసన, రెండోదానికి తలనొప్పి. ఎర్రగ అయినంక కూడా వెంటనే తీయొద్దు. ఒక నిమిషం ఆగాలె, మీద నివురు కమ్మాలె. నివురు కమ్మితేనే నిప్పు స్థిరపడ్డట్టు. అప్పుడు చిమ్టాతో పట్టుకొని, ఊది, వదులు బూడిద రాల్చి, తవా అంచు వెంబడి ఒక్కొక్కటి పెట్టాలె. నిప్పుకూ నిప్పుకూ నడుమ ఒక వేలు సందు. తవా నడుమ ఉత్తగ వదలాలె.

ఎందుకు అంచుకే? చిన్నాయన ఒక్క మాటలో "గాలి ఆడికెళ్ళే వస్తది" అన్నాడు. తవా చిలం నోటికంటే చిన్నది కదా, గుంజినప్పుడు గాలి ఆ సందులోంచి, అంచు చుట్టూ లోపలికి దిగుతది. అంచున నిప్పు ఉంటే ఆ గాలి కాగి పోయి పొగాకును సమంగ ఉడికిస్తది. నడుమకు అన్ని వైపుల నుంచీ వేడి వచ్చి చేరుతనే ఉంటది, దానికి వేరే నిప్పు అవసరం లేదు. తొందరపడి నడుమ పెడితే మొదట్లో పొగ గుప్పున వస్తది, చూసేవాడికి సంతోషం, పావు గంటకు నడుమ పొగాకు మాడి, అంచు పొగాకు పచ్చిగ మిగులుతది. అంచు నిప్పులు కరిగి చిన్నగ అయినంక, వాటిని చిమ్టాతో మెల్లగ లోపలికి జరపాలె. అంచున ఖాళీ అయిన జాగలో కొత్తవి, అది కూడా ఒకటొకటే. కొత్త నిప్పును పాత నిప్పు మీద ఎక్కించొద్దు. పెట్టినంక సర్‌పోష్ అనే చిల్లుల మూత కప్పుతారు. గాలికి నిప్పు తొందరగా తినిపోకుండ, రవ్వలు లేవకుండ.

అంచుకు కెండం, నడుమకు ఓపిక. చిన్నాయన ఇదంతా చెప్పేటప్పుడు ఆ మాట అననేలేదు. నేనే అన్నాను. ఆయన నవ్వి, "మరి ఇంకేందనుకున్నవ్?" అన్నాడు.

ఇక్కడ నివురు గురించి కొంచెం ఆగాలె, ఎందుకంటే మన భాషలో నాకు చాలా ఇష్టమైన మాటల్లో అదొకటి. బూడిద వేరు, నివురు వేరు. బూడిద కింద ఏమీ లేదు, నివురు కింద నిప్పు ఉంది. బతికున్న నిప్పు మీద పట్టే పలచని తెల్లపొరకు మనకు వేరే పేరుంది. "నివురు గప్పిన నిప్పు" అని పత్రికలవాళ్ళు ప్రతి గొడవకూ రాసి రాసి అరగదీసిన్రు గాని, నిప్పుతో పనిచేసేవాడికి అది పోలిక కాదు, గుర్తు. ఇప్పుడు పెట్టొచ్చు అని చెప్పే గుర్తు. తమిళం వాళ్ళు "నీఱు పూత్త నెరుప్పు" అంటారు, నిప్పు బూడిద పూసిందట, పువ్వు పూసినట్టు. మన నివురుకూ వాళ్ళ నీఱుకూ చుట్టరికం ఉంది. కన్నడంలో "బూది ముచ్చిద కెండ", బూడిద మూసిన కెండం. అక్కడ మనకున్న ఆ ప్రత్యేకమైన మాట లేదు, మూయడం మాత్రమే ఉంది. మా అవ్వ కెండం అని కన్నడం మాట వాడేది గాని, నివురు దగ్గరికి వచ్చేసరికి తెలుగే. "కెండం మీద నివురు పట్టనీ." రెండు భాషలు ఒక వాక్యంలో, ఎవరి పని వాళ్ళు చేసుకుంటూ.

పొగ తాగడానికి కూడా ఇట్లాంటి లెక్కే ఉంది. కోస్తా తెలుగులో చుట్ట కాలుస్తారు, తాగుతారు. దక్కనీలో కూడా పీనా, తాగడమే. మరాఠీలో విడీ ఓఢణే, గుంజడం. కన్నడంలో బీడీ సేదువుదు, బావిలోంచి నీళ్ళు చేదినట్టు. తమిళంలో పుగై పిడిక్కిఱదు, పట్టుకోవడం. మా ఇంట్లో హుక్కా గుంజేది, చుట్ట తాగేది. గొట్టం పొడుగు, లోపల నీళ్ళ బరువు ఉన్నది కాబట్టి గుంజక తప్పదు, చుట్ట నోట్లోనే ఉంటది కాబట్టి తాగడం చాలు. ఇది నా ఊహే, ఎవరైనా కాదంటే వాదించను. పేరులో మాత్రం అందరూ చప్పుడునే పట్టుకున్నరు. మనకు గుడగుడి, కన్నడంలో గుడుగుడి, మరాఠీలో గుడగుడీ. హుక్కా అనే అరబీ మాటకు అసలు అర్థం చిన్న డబ్బా. చిలం మాట పర్షియన్ వైపు నుంచి వచ్చింది, తెలుగు నోట్లో చిలుము అయింది. రాగిచెంబుకు పట్టే చిలుము మనకు ముందే ఉండె. చిన్నప్పుడు "తాత చిలుము కడుగుతున్నడు" అంటే నేను చెంబు తోముతున్నడనుకున్న.

ఇప్పుడు అసలు కష్టమైన సంగతి.

జాగీర్లు 1949 ఆగస్టులో రద్దయినయి. అంతకు ముందే, 1948 సెప్టెంబరు తర్వాత, ఆ దేవిడీ సగం ఖాళీ అయింది. తాత చేతిలో చిమ్టా తప్ప పని లేదు. చౌబారా దగ్గర ఒక బొగ్గుల దుకాణంలో కూలికి కుదిరిండు, తర్వాత తనే చిన్న దుకాణం పెట్టిండు. మా బాపు చదువుకున్నడు, సర్కారు నౌకరి చేసిండు. ఆయన తాత గురించి అడిగినవాళ్ళందరికీ "మా నాయన జాగీర్దారు దగ్గర మున్షీ" అని చెప్పిండు. మున్షీ అంటే రాసుకునేవాడు. మా తాతకు సంతకం కూడా రాదు. మా అత్తల పెండ్లి మాటల్లో మున్షీ, మా చెల్లె పెండ్లిలో మున్షీ. నేను కూడా కాలేజీ ఫారంలో తాతగారి వృత్తి అని అడిగితే అదే రాసిన.

సిగ్గు ఎక్కడుందో నాకు చాలా రోజులు అర్థం కాలే. నిప్పు పెట్టుడు దొంగతనం కాదు కదా. చిన్నాయన విప్పి చెప్పినంక తెలిసింది. చిలం పెట్టినంక హుక్కా దానంతట అది రాజుకోదు. ఎవరో ఒకరు మొదట నాలుగైదు దమ్ములు గుంజి పొగ లేపాలె. దొర గుంజడు. దొర పెదవికి మెత్తని, తేట పొగ రావాలె. అందుకని మునాల్ తీసి పక్కన పెట్టి, గొట్టానికి పిడికిలి చుట్టి, పిడికిట్లోంచి తాత గుంజేవాడు. మొదటి పొగ, పచ్చి బొగ్గువాసన పొగ, అంతా ఆయన రొమ్ములోకి. తర్వాత మునాల్ తుడిచి బిగించి, రెండు చేతులతో అందించాలె. రోజుకు ఎన్ని చిలాలు? మెహమాన్లు ఉంటే లెక్క లేదు. ఆ పిడికిలి సంగతే మా బాపుకు పడలేదు. వేరేవాడు తాగే గొట్టాన్ని ముందు మన మనిషి నోటితో శుభ్రం చేసి ఇచ్చుడు ఆయనకు ఎంగిలి కన్నా హీనంగ తోచింది.

తాత నేను పదో తరగతిలో ఉన్నప్పుడు పోయిండు. రాత్రంతా దగ్గు నాకు గుర్తుంది. ఆయన సొంతంగ బీడీ కూడా ముట్టలేదని అందరూ అంటారు. హుక్కా నీళ్ళు విషాన్ని వడగడతయని అప్పుడూ అన్నరు, ఇప్పుడూ అంటున్నరు. నీళ్ళు పొగను చల్లబరుస్తయి, అంతే. బొగ్గు నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ నీళ్ళకు ఆగదు. సగం కాలిన బొగ్గుతో తలనొప్పి వస్తదని తాత చెప్పింది ఆ వాయువు గురించే, పేరు తెలియదు గాని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో చెప్పిన లెక్క ప్రకారం గంటసేపు హుక్కా గుంజితే లోపలికి పోయే పొగ ఒక సిగరెట్ పొగకు వంద నుంచి రెండు వందల రెట్లు. తాత ఆ గంట పూర్తిగా ఎన్నడూ గుంజలేదు. మొదటి ఐదు నిమిషాలే, కానీ ప్రతి చిలానికీ, ఇరవై ఏండ్లకు దగ్గర. తర్వాత బొగ్గుల దుకాణం దుమ్ము. ఏది ఆయనను తీసుకపోయిందో చెప్పడానికి నేను డాక్టర్‌ను కాను.

ఈ సంగతంతా బయటపడటానికి కారణం బెంగళూరులో ఉండే నా మేనల్లుడు. మూడేండ్ల కింద వాడి ఫోన్‌లో ఒక ఫోటో చూపించిండు. దోస్తులతో హుక్కా లాంజ్‌ల కూర్చున్నడు. గాజు అడుగు, రబ్బరు గొట్టం, చిలం మీద వెండిరంగు రేకు, రేకుకు సన్న సన్న చిల్లులు, రేకు మీద కొబ్బరిచిప్ప బొగ్గు ముక్కలు మూడు. మూడూ అంచుకు. నడుమ ఖాళీ.

"అంచుకే ఎందుకు పెట్టిన్రు?" అని అడిగిన.

"నడుమ పెడితే ఫ్లేవర్ మాడిపోతది మామా, ఆడ పనిచేసే అన్న చెప్పిండు" అన్నడు.

ఆ ఫోటోను చిన్నాయనకు చూపిస్తే ఆయన ఫోన్‌ను దగ్గరికి తీసుకొని చాలాసేపు చూసిండు. ఆఖరుకు "నివురు సరిగ పట్టలే. నల్లగ ఉన్నది ఒకటి" అన్నడు. నాకు ఎట్ల తెలుసు, నీకు ఎట్ల తెలుసు అని అడిగితే మొదలైంది ఈ కథంతా. ఆ లాంజ్ ఇప్పుడు లేదు. 2024 ఫిబ్రవరిలో కర్ణాటక, తెలంగాణ రెండూ హుక్కాను ఆపేసినయి. నాకు దాంట్లో బాధ లేదు. ఆ చిలాలు రాజేసిన అన్న కూడా ఎవరి ఇంటి పిల్లవాడో.

ఇది రాస్తానంటే చిన్నాయన మొదట ఒప్పుకోలే. "మీ బాపు యాభై ఏండ్లు మున్షీ అని చెప్పి ఇంటి ఆడపిల్లల పెండ్లిండ్లు చేసిండు. ఆయన లేనప్పుడు నువ్వు ఆయన్ని అబద్ధాలోణ్ణి చేస్తవా?" అన్నడు. నేను జవాబు చెప్పలేదు, చెప్పడానికి లేదు కూడా. నాలుగు నెలలు ఊరుకున్న. బాపు చెప్పింది అబద్ధమే. కానీ అదే బాపు నేను చెయ్యి కాల్చుకున్న ప్రతిసారీ "అంచుకు కెండం" అన్నడు. మనిషిని దాచిండు, మాటను దాచలేకపోయిండు. దాచాలని ఆయనకు తోచి కూడా ఉండదు. అది మామూలు మాట అనుకొని ఉంటడు, నేను చాణక్యుడి కథ అనుకున్నట్టు.

పోయిన సంక్రాంతికి చిన్నాయన ఇంటికి పోతే ఆయనే అటక మీది నుంచి ఒక గోనెసంచి దించమన్నడు. లోపల తాత చిమ్టా, తుప్పు పట్టి ఒక కాలు వంగింది. ఇంకా రెండు మట్టి తవాలు, ఒకటి పగిలింది. మా చిన్నమ్మ కుంపటిలో నాలుగు బొగ్గులు రాజేసింది, చలికి చేతులు కాపుకోవడానికే. చిన్నాయన మంచి తవాను నేల మీద పెట్టి చిమ్టా నా చేతికిచ్చిండు. పొగాకు లేదు, చిలం లేదు, ఉత్త తవా. నేను ఒక కెండం పట్టుకొని అంచుకు పెట్టిన. రెండోది పెట్టబోతే ఆయన నా చెయ్యి ఆపి, "అరే, మొదలు ఊదు. బూడిద రాల్చకుండ పెడితే మా నాయన చెయ్యి మీద కొట్టేటోడు" అన్నడు. ఊదిన. "ఇప్పుడు పెట్టు. వేలు సందు." పెట్టిన. మూడోది పెట్టేసరికి మొదటిది నల్లబడింది, తడి బొగ్గు.

"రాసుకుంటే రాసుకో" అన్నడు చిన్నాయన, చిమ్టా నా చేతిలోంచి తీసుకొని ఆ తడిబొగ్గును మళ్ళీ కుంపటిలోకి వేస్తూ. "పేర్లు మాత్రం రాయకు. మున్షీ అన్నది కూడా రాయి."